ఎక్కడ కోయాలో కణానికి ఎలా తెలుస్తుంది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకులు, ఆసక్తి కొద్దీ వచ్చిన పెద్దల ముందు ఒక విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట తీరు పోకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా. ఈ ముందు వరస ఎవరి కోసమూ అట్టేపెట్టింది కాదు. మైకు వినిపిస్తోందా? సరే.

పందెంతో మొదలుపెడతాను. కోడిపందెం కాదు లెండి. (నవ్వులు) 2000 సంవత్సరంలో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో జన్యుశాస్త్రవేత్తలు జేబులోంచి డబ్బులు తీసి పందెం కాశారు. మనిషికి జన్యువులు ఎన్ని? ఎవరికి తోచిన అంకె వాళ్ళు పుస్తకంలో రాయాలి. లక్షన్నర దాకా వెళ్ళినవాళ్ళున్నారు. 2003లో చూస్తే, అందరికన్నా తక్కువ రాసిన లీ రోవెన్‌కి బహుమతి దక్కింది. ఆవిడ రాసిన అంకె 25,947. తర్వాత లెక్క ఇంకా దిగింది. ప్రోటీన్ తయారుచేసే మానవ జన్యువులు ఇప్పుడు సుమారు 20,000 అంటున్నాం. మట్టిలో బతికే, మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే పురుగుకీ ఇంచుమించు అన్నే ఉన్నాయి. దాని ఒంట్లో దేహకణాలు 959. మన ఒంట్లో లక్షల కోట్లు.

మరి అంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? జవాబులో ఒక భాగం ఇవాళ్టి విషయం: జన్యువు నకలుని కణం రకరకాలుగా కోసి అతికించడం. భాగమే అంటున్నాను. ఇదే మొత్తం జవాబని ఉత్సాహంగా రాసేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ సంగతి చివర్లో.

ఇంటర్‌లో అందరూ చదివిందే. డీఎన్ఏలో నాలుగు రసాయన అక్షరాలతో రాసి ఉన్నది ఆర్ఎన్ఏగా నకలు అవుతుంది, ఆ నకలు చూసి రైబోజోమ్ ప్రోటీన్ కడుతుంది. 1977 వరకూ శాస్త్రవేత్తలు కూడా జన్యువంటే మొదలు నుంచి చివర దాకా తెగకుండా సాగే ఒకే పాఠం అనుకున్నారు. బ్యాక్టీరియాలో అలాగే కనిపించింది కాబట్టి అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ ఏడాది ఎంఐటీలో ఫిలిప్ షార్ప్ బృందం, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో రిచర్డ్ రాబర్ట్స్ సహచరులు, విడివిడిగా, అడినోవైరస్ మీద పనిచేస్తున్నారు. జలుబు తెప్పించే వైరస్సుల్లో అదొకటి. వాళ్ళు చేసిన పని వినండి, ఇది చాలా అందమైన ప్రయోగం. వైరస్ తయారుచేసిన ఎంఆర్ఎన్ఏని, అంటే ప్రోటీన్ కట్టడానికి సిద్ధమైన ఆర్ఎన్ఏ నకలుని, దాని మూలమైన డీఎన్ఏ పోగునీ కలిపి, ఒకదానికొకటి అతుక్కోనిచ్చారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టారు. రెండూ సరిసమానమైతే ఏం కనపడాలి? జంటగా సాగిపోయే ఒక గీత. వాళ్ళకి కనపడింది అది కాదు. గీత పొడవునా డీఎన్ఏ అక్కడక్కడ ఉబ్బి, ఉచ్చులు ఉచ్చులుగా బయటికి పొడుచుకొచ్చింది. ఆ ఉచ్చుల్లో ఉన్న పాఠానికి ఎంఆర్ఎన్ఏలో జోడీ లేదు. అంటే నకలు తీశాక, మధ్యలో ముక్కలు ఎవరో కోసేసి, మిగిలినవి అతికించారు.

ఈ పనికి షార్ప్, రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది. ఆ ఉచ్చుల్ని మైక్రోస్కోపులో చూసి కొలిచినవాళ్ళలో సూసన్ బర్జెట్, లూయిస్ చౌ అనే ఇద్దరు మహిళలున్నారు. బహుమతి పలకమీద వాళ్ళ పేర్లు లేవు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆ రెండు పేర్లూ చెప్పడం నాకు అలవాటు.

అతికించాక నిలిచే ముక్కల్ని ఎక్సాన్లు అనీ, కోసి పారేసేవాటిని ఇంట్రాన్లు అనీ 1978లో వాల్టర్ గిల్బర్ట్ పేర్లు పెట్టాడు. కోసి అతికించే పని స్ప్లైసింగ్.

ఎంత పారేస్తామో తెలుసా? కండరాలకు కావలసిన డిస్ట్రోఫిన్ జన్యువు పొడవు ఇరవై రెండు లక్షల అక్షరాల పైమాటే. ఎక్సాన్లు 79. అన్నీ అతికిస్తే వచ్చే ఎంఆర్ఎన్ఏ సుమారు పధ్నాలుగు వేల అక్షరాలు. నూటికి తొంభైతొమ్మిది వంతులకు పైగా కత్తిరింపు కిందే పోతోంది. ఆ జన్యువు ఒక్క నకలు పూర్తి కావడానికే పదహారు గంటలు పడుతుందని కొలిచారు. ఇంత శ్రమపడి రాసి ఇంత పారేయడం పిచ్చిపని కాదూ అనిపిస్తుంది. నాకూ అనిపించేది. రండి, కోత ఎలా జరుగుతుందో చూద్దాం.

ఇంట్రాన్ మొదట్లో దాదాపు ఎప్పుడూ జి, యు అనే రెండు అక్షరాలుంటాయి. చివర్లో ఎ, జి ఉంటాయి. చివరికి కాస్త ముందు ఒక ప్రత్యేకమైన ఎ ఉంటుంది. ముందు ఇంట్రాన్ మొదలు దగ్గర కోత పడుతుంది, తెగిన ఆ కొస వెళ్ళి ఈ ఎ మీద అతుక్కుంటుంది, ఉచ్చుతాడు ఆకారం వస్తుంది. తర్వాత రెండో కోత. ఎక్సాన్లు రెండూ కలిసిపోతాయి, ఉచ్చు ఊడిపోతుంది. ఈ పని చేసేది స్ప్లైసియోజోమ్. యు1, యు2, యు4, యు5, యు6 అని ఐదు చిన్న ఆర్ఎన్ఏలు, వాటి చుట్టూ బోలెడు ప్రోటీన్లు కలిసిన పెద్ద యంత్రం. ప్రతి ఇంట్రాన్ దగ్గరా కొత్తగా కూడుకుంటుంది, పనయ్యాక విడిపోతుంది. ఇలా కూడుకుని విడిపోవడానికి ఖర్చయ్యేది ఏటీపీ, కణం శక్తి కోసం వాడుకునే పదార్థం. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో ఫిస్కేతో కలిసి ప్రకటించిన అదే ఏటీపీ.

ఈ చిన్న ఆర్ఎన్ఏలు ఎలా దొరికాయో ఒక్క మాట. లూపస్ అనే జబ్బులో రోగి శరీరం తన కణభాగాల మీదే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జోన్ స్టైట్జ్, మైకేల్ లెర్నర్ ఆ రోగుల రక్తరసంలోని యాంటీబాడీల్నే గాలంగా వాడి, కణంలోంచి ఈ ఆర్ఎన్ఏ-ప్రోటీన్ ముద్దల్ని బయటికి లాగారు. స్ప్లైసింగ్‌లో వీటికి పాత్ర ఉండి ఉంటుందని 1980లోనే అన్నారు.

ఇప్పుడు అసలు విషయం. జియు, ఎజి అనే రెండక్షరాల జంటలు జన్యువులో ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. అన్నిచోట్లా కోత పడదు. ఒకచోట మెదడు కణంలో కోత పడుతుంది, అదే చోట కాలేయ కణంలో పడదు. కాబట్టి ఆ రెండక్షరాలు ఉంటే చాలదు. చుట్టుపక్కల పాఠంలో చిన్న చిన్న గుర్తులుంటాయి. ఎస్ఆర్ ప్రోటీన్లు అనే ఒక కుటుంబం వచ్చి కొన్ని గుర్తుల మీద కూర్చుని స్ప్లైసియోజోమ్‌ని ఇటు రమ్మంటుంది. హెచ్ఎన్ఆర్ఎన్‌పీలు అనే మరో కుటుంబం చాలాసార్లు అడ్డం పడుతుంది. ఏ కణంలో ఏ ప్రోటీన్ ఎంత ఉందన్నదాన్ని బట్టి ఫలితం తేలుతుంది. కోసేవాడు అన్ని కణాల్లోనూ ఒకడే, పక్కన నిలబడి చెప్పేవాళ్ళు మారతారు. ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్ అంటే ఇంతే.

ఒక ఉదాహరణ నిదానంగా చూద్దాం, నాకిష్టమైనది. కాల్సిటోనిన్ జన్యువు. ఆరు ఎక్సాన్లు. మెడ దగ్గరి థైరాయిడ్ గ్రంథిలో సి కణాలని ఉంటాయి. అక్కడ ఒకటి, రెండు, మూడు, నాలుగు ఎక్సాన్లు కలిసి, నాలుగో దానితోనే పాఠం ముగుస్తుంది. అందులోంచి వచ్చేది కాల్సిటోనిన్, 32 అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌కి ఇటుకల్లాంటివి) హార్మోను, రక్తంలో కాల్షియం తగ్గించే పని. అదే జన్యువు నాడీకణంలో నకలైతే నాలుగో ఎక్సాన్ ఎగిరిపోతుంది. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు కలుస్తాయి. అప్పుడొచ్చేది సీజీఆర్‌పీ, 37 అమైనో ఆమ్లాలు. దీనికి కాల్షియంతో పనే లేదు. రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, నొప్పి సంకేతాల్లో ఉంటుంది. మొదట ఎలుకల్లో, 1982లో బయటపడింది. ఇక్కడ మైగ్రేన్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తక్కర్లేదు, ఈ ట్యూబులైటు కింద ఇప్పటికే తెలుస్తూ ఉంటుంది. (నవ్వులు) ఆ తలనొప్పి వచ్చినప్పుడు విడుదలయ్యేవాటిలో ఈ సీజీఆర్‌పీ ముఖ్యమైనది. అది కూర్చునే గ్రాహకాన్ని మూసేసే ఎరెనుమాబ్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒకే జన్యువు, ఒక్క ఎక్సాన్ ఉంచడం, తీసెయ్యడం. ఒకవైపు కాల్షియం, ఇంకోవైపు తలనొప్పి.

పద్ధతులు ఇంకా ఉన్నాయి. ఎక్సాన్ మొత్తం వదిలేయొచ్చు, రెండిటిలో ఏదో ఒకటే తీసుకోవచ్చు, కోత నాలుగక్షరాలు అటో ఇటో జరగొచ్చు, ఇంట్రాన్‌ని కోయకుండా ఉంచేయనూవచ్చు. పిల్లలు ఇవి పరీక్ష కోసం ఎలాగూ బట్టీ పడతారు, నేను వదిలేస్తున్నాను.

లెక్కలంటే సరదా ఉన్నవాళ్ళకి ఒకటి. పండ్ల మీద వాలే డ్రోసోఫిలా ఈగలో డీఎస్‌క్యామ్ అనే జన్యువుంది. దానిలో నాలుగో ఎక్సాన్‌కి 12 రూపాలు, ఆరో దానికి 48, తొమ్మిదో దానికి 33, పదిహేడో దానికి 2. ప్రతి గుంపులోంచీ ఒక్కటే తీసుకోవాలి. బాబూ, ఫోనులో గుణించు. ... ఎంత? (ఒక విద్యార్థి: ముప్పై ఎనిమిది వేల పదహారు సార్.) 38,016. ఆ ఈగకి ఉన్న మొత్తం జన్యువులు పధ్నాలుగు వేల చిల్లర. దేనికిన్ని? నాడీకణానికి కొమ్మలుంటాయి. తన కొమ్మ తన కొమ్మకే తగిలితే వెనక్కి తగ్గాలి, పక్కవాడి కొమ్మ అయితే ఫరవాలేదు. తనది, పరాయిది అని గుర్తుపట్టాలంటే ప్రతి కణానికీ తనదైన ముద్ర కావాలి. ఒక్కో కణం ఈ వేల రూపాల్లోంచి కొన్నిటిని తీసుకుని ముద్రగా వాడుకుంటుంది.

ఒక్క నిమిషం బోర్డు దగ్గరికి వెళతాను. స్ప్లైసింగ్ తప్పితే ఏమవుతుందో అర్థం కావాలంటే ఇది కావాలి. రైబోజోమ్ మూడేసి అక్షరాలు చదివి, ప్రతి మూడింటికీ ఒక అమైనో ఆమ్లం చేరుస్తుంది, మధ్యలో ఖాళీలుండవు. చూడండి. "అతడు పలక కడిగె." మూడేసి అక్షరాలు. ఇప్పుడు "పలక" మొత్తం తీసేస్తాను. "అతడు కడిగె." ఏం కడిగాడో తెలీదు గానీ, వాక్యం బతికింది. అలాకాక ఒక్క "త" తీసేసి మళ్ళీ మూడేసి చదవండి. "అడుప, లకక, డిగె." (నవ్వులు) ఒక్క అక్షరం పోతే అక్కడి నుంచి అంతా ధ్వంసం. పెద్ద ముక్క పోవడం కన్నా చిన్న ముక్క పోవడం ప్రమాదం కావొచ్చు.

డుషేన్, బెకర్ అని రెండు కండరాల జబ్బులున్నాయి, రెండూ డిస్ట్రోఫిన్ జన్యువులో లోపాలే. డుషేన్ పిల్లలు చాలామంది పదేళ్ళు దాటేసరికి చక్రాల కుర్చీకి పరిమితమవుతారు. బెకర్ ఉన్నవాళ్ళు చాలామంది నడివయసు దాకా నడుస్తారు. ఒక్కోసారి బెకర్‌లోనే పెద్ద ముక్క పోయి ఉంటుంది, కానీ మూడుతో భాగించదగ్గ ముక్క, "పలక" పోయినట్టు. అందుకని కొందరు డుషేన్ పిల్లల్లో 51వ ఎక్సాన్‌ని కూడా కావాలనే దాటించి, లెక్క మళ్ళీ మూడుకి సరిచేసే ఎటెప్లిర్సెన్ అనే మందు చేశారు. 2016లో అమెరికాలో అనుమతించారు. అది పిల్లలకి ఎంత మేలు చేస్తుందన్నది అప్పుడూ వివాదమే, ఇప్పుడూ వివాదమే. ఆలోచన మాత్రం చక్కనిది.

(సభలోంచి ఒక పెద్దాయన: మాస్టారూ, మా పాడేరు వైపు సికిల్ సెల్ అంటారు కదా, అదీ ఇదేనా?)

మంచి ప్రశ్న అడిగారండీ. కాదు. కానీ తలసీమియా అని ఇంకో రక్తం జబ్బుంది, అందులో స్ప్లైసింగే తప్పుతుంది, ఆ రెండిటికీ జన్యువు ఒకటే. హిమోగ్లోబిన్‌లో సగం వాటా బీటా గ్లోబిన్‌ది. ఆ జన్యువు చిన్నది, మూడు ఎక్సాన్లు, రెండు ఇంట్రాన్లు. సికిల్ సెల్‌లో మొదటి ఎక్సాన్‌లో ఒక అక్షరం మారుతుంది, గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తుంది. కోత సరిగ్గానే పడుతుంది, ప్రోటీన్ కావలసినంత తయారవుతుంది, దాని గుణం చెడుతుంది. తలసీమియా సంగతి వేరు. మన దేశంలో బీటా తలసీమియాకి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం, మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం జి బదులు సి కావడం. ఇంట్రాన్‌లో అండీ, పారేసే ముక్కలో! ప్రోటీన్‌లోకి ఎప్పుడూ రాని అక్షరం. మరెందుకు జబ్బు? ఇందాక యు1 అన్నానే, అది కోత చోటుని పట్టుకునేది ఈ అక్షరాలతో జతకట్టే. ఐదో అక్షరం మారితే పట్టు సడలుతుంది. అప్పుడు చుట్టుపక్కల మామూలుగా ఎవరూ పట్టించుకోని మూడు దొంగచోట్లలో కోతలు పడటం మొదలవుతాయి. అలా వచ్చిన ఎంఆర్ఎన్ఏ "అడుప లకక" బాపతు. సరైనది కొద్దిగా వస్తుంది, చాలదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇదే వచ్చిన బిడ్డకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తూ ఉండాలి. ఇంట్రాన్ అంటే చెత్త అని ఇప్పటికీ కొన్ని గైడ్లలో రాస్తున్నారు. ఆ మాట కొట్టేయండి.

ఇంకొకటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. స్పైనల్ మస్క్యులర్ ఏట్రఫీ. ఎస్ఎంఏ అంటారు, సుమారు పదివేల కాన్పులకు ఒకటి. వెన్నుపాములో కండరాల్ని నడిపే నాడీకణాలు చచ్చిపోతాయి. ఎస్ఎంఎన్1 అనే జన్యువు లేకపోవడమో పాడవడమో కారణం. విచిత్రం ఏమిటంటే మనలో చాలామందికి దానికి నకలు లాంటి ఎస్ఎంఎన్2 ఉంది. మరి అదెందుకు ఆదుకోదు? ఏడో ఎక్సాన్‌లో ఆరో అక్షరం సి బదులు టి. ఏ మూడక్షరాలకి ఏ అమైనో ఆమ్లమో చెప్పే పట్టిక తీసి చూస్తే ఆ మార్పు వల్ల అమైనో ఆమ్లం మారదు. పాత పద్ధతిలో చదివేవాడు దీన్ని మౌనమైన మార్పు అని రాసి పేజీ తిప్పేస్తాడు. అసలు సంగతి, ఆ అక్షరం ఎస్ఆర్ ప్రోటీన్ కూర్చునే చోటు. అది కూర్చోలేకపోయింది, అడ్డంపడేవాడు వచ్చాడు, ఏడో ఎక్సాన్ ఎగిరిపోయింది. ఎస్ఎంఎన్2 ఎంఆర్ఎన్ఏల్లో పదింట ఒక వంతు మాత్రమే పూర్తి పాఠంతో వస్తాయి. మిగతా ప్రోటీన్ నిలవదు.

కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే ఏడ్రియన్ క్రైనర్ ఈ ఎక్సాన్‌ని తిరిగి ఇమిడ్చే దారి వెతికాడు. ఏడో ఇంట్రాన్‌లో అడ్డంపడే ప్రోటీన్లు కూర్చునే చోటొకటుంది. దానికి సరిగ్గా అతికే పద్దెనిమిది అక్షరాల పోగు తయారుచేసి అక్కడ కప్పేశారు. కూర్చునే చోటు లేదు, అడ్డు లేదు, ఏడో ఎక్సాన్ లోపలికొచ్చింది. అదే నుసినెర్సెన్, 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి. వెన్నులోకి ఇంజెక్షన్ ఇవ్వాలి. ఒక్కో డోసుకి వాళ్ళు ప్రకటించిన ధర 1,25,000 డాలర్లు. తర్వాత రిస్‌డిప్లామ్ వచ్చింది, 2020లో, నోటితో తాగే మందు. యు1 పట్టుని అక్కడ గట్టిపరుస్తుంది. తలసీమియాలో సడలిన పట్టు గుర్తుందా, ఇక్కడ అలాంటి పట్టునే మందుతో బిగిస్తున్నారు. మన దేశంలో సీసా ఆరు లక్షల పైచిలుకు ఉండేది. హైదరాబాదు నాట్కో జెనెరిక్ చేస్తామంటే పేటెంటు మీద ఢిల్లీ హైకోర్టులో కేసు నడిచింది, నాట్కో గెలిచి, 2025లో 15,900 రూపాయలకి మార్కెట్లో పెట్టింది. నెలనెలా వాడాల్సిన ఇంట్లో అదీ భారమే. అయినా ఆరు లక్షలకీ దీనికీ పోలిక లేదు.

అడగండి ఇక.

(ఒక విద్యార్థిని: సార్, మనిషి జన్యువుల్లో తొంభై శాతానికి పైగా ఇలా రకరకాలుగా స్ప్లైస్ అవుతాయని చదివాం. అంటే లక్షల ప్రోటీన్లు ఉన్నట్టేనా?)

ఇదేనమ్మా నా పేచీ. నువ్వు చదివింది సరైనదే. 2008లో ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్‌తో, అంటే ఆర్ఎన్ఏలని అక్షరం అక్షరం చదివి లెక్కవేస్తే, ఒకటికి మించి ఎక్సాన్లున్న మానవ జన్యువుల్లో నూటికి తొంభై పైగా ఒకటికన్నా ఎక్కువ రకాల ఎంఆర్ఎన్ఏలు కనపడ్డాయి. కానీ ఎంఆర్ఎన్ఏ కనపడటం వేరు, దాంతో ప్రోటీన్ తయారై, ఆ ప్రోటీన్ ఒక పని చేయడం వేరు. ఇంత పెద్ద యంత్రం ఇన్ని కోతలు కోస్తుంటే కొన్ని పొరపాటున పడతాయి. ముందే ఆగిపోయే పాఠాలున్న ఎంఆర్ఎన్ఏలను కణం వెతికి నాశనం చేస్తుంది, దానికో ప్రత్యేక ఏర్పాటే ఉంది. కాల్సిటోనిన్ లాగా, డీఎస్‌క్యామ్ లాగా పని రుజువైనవి చాలా ఉన్నాయి, రుజువు కానివి ఇంకా ఎక్కువ. పురుగుకీ మనకీ ఉన్న తేడా అంతా స్ప్లైసింగే అంటే నేను ఒప్పుకోను. ఏ జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత పనిచేయాలన్న అదుపు కూడా అంత పెద్ద కారణమే. పురుగూ స్ప్లైసింగ్ చేస్తుంది మరి.

(మరొకరు: కోవిడ్ టీకాలో ఎంఆర్ఎన్ఏ కూడా ఇలా కోతకి గురవుతుందా?)

లేదండీ. దానిలో ఇంట్రాన్లే ఉండవు, కోసి అతికించాక వచ్చే పాఠం లాంటిదే నేరుగా తయారుచేస్తారు. అది కేంద్రకంలోకి వెళ్ళదు, స్ప్లైసియోజోమ్ ఉండేది కేంద్రకంలో. బ్యాక్టీరియాతో ఇన్సులిన్ చేయించినప్పుడూ ఇదే జాగ్రత్త. వాటికి మన ఇంట్రాన్లు కోయడం రాదు కాబట్టి ఇంట్రాన్లు లేని పాఠమే ఇస్తారు.

(ఒక విద్యార్థి: సార్, ఇవన్నీ ల్యాబ్‌లో మేం చూడొచ్చా? సీక్వెన్సింగ్ మిషన్ మా కాలేజీలో లేదు.)

అక్కర్లేదు బాబూ. ఆర్ఎన్ఏ తీసి, దాన్నుంచి డీఎన్ఏ నకలు చేసి, కావలసిన ముక్కని లక్షల నకళ్ళు చేసే మామూలు పీసీఆర్ పెట్టు. ప్రైమర్లు, అంటే నకలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్ఏ ముక్కలు, ఎలా వేయాలంటే, నీకు అనుమానమున్న ఎక్సాన్‌కి అటొకటి, ఇటొకటి. కరెంటు పెట్టి ముక్కల్ని పొడవు ప్రకారం విడదీసే జెల్ మీద నడిపించు. ఎక్సాన్ ఉన్నది కాస్త పొడుగు, పైనే ఉండిపోతుంది. లేనిది కిందికి జారుతుంది. ఎస్ఎంఎన్2 అయితే ఏడో ఎక్సాన్ 54 అక్షరాలు, రెండు గీతల మధ్య అంతే తేడా. జెల్‌లో ఒక శాతం అగరోజ్ వేస్తే రెండూ కలిసిపోయి కనపడతాయి, కాబట్టి రెండున్నర, మూడు శాతం వెయ్యి, కరెంటు తగ్గించి నిదానంగా నడుపు. మందు వేసిన కణాల వరస, వేయనివాటి వరస పక్కపక్కనే పెట్టు. వేయనిచోట కింది గీత లావుగా ఉంటుంది, వేసినచోట పై గీత. ఫోటో తీసేటప్పుడు వెలుతురు ఎక్కువ పెట్టకు, రెండూ ఒకేలా మెరిసిపోయి ఏది లావో తెలీదు.